తోడేళ్ల పండుగ, నా కూతురి గోళ్లు

పాఠకులారా, మన బల్గేరియాలో ఆడదాని సుఖం కోరేవాళ్లు ఇద్దరే ఇద్దరు. ఒకరు చర్చి, రెండోది తోడేలు.

నవ్వకండి! చాలా గంభీరంగా చెబుతున్నాను. ఈ ఇద్దరూ కలిసి మనకిచ్చినన్ని సెలవులు ఏ ప్రభుత్వం ఇచ్చింది? ఏ మొగుడిచ్చాడు?

చదువుకున్నవాళ్లు కొందరు ఈమధ్య టీవీలో కూర్చుని తెగ బాధపడిపోతున్నారు. మన చర్చి పండుగలన్నీ నిజానికి పాత దేవుళ్ల పండుగలేనట. పైన పునీతుడి అంగీ తొడిగారు గానీ లోపలి మనిషి మారలేదట. అయితే ఏమిటి నష్టం? పెరూన్ అనే పాత దేవుడు రథమెక్కి ఆకాశంలో ఉరుములు పుట్టించేవాడు. ఆయన్ను దింపి పునీత ఇలియాను ఎక్కించారు. రథం అదే, గుర్రాలు అవే, ఉరుములూ అవే. డ్రైవరొక్కడే మారాడు. ఇంత పొదుపుగా ఏ దేశంలోనైనా మంత్రివర్గం మారిందా?

ద్రాక్షతోటల్లో తాగి తందనాలాడే దేవుడు ఒకాయన ఉండేవాడట. ఆయన స్థానంలోకి పునీత త్రిఫోన్ వచ్చాడు. వచ్చి ఏం చేశాడు? తాగుడు మాన్పించాడా? లేదు! తీగలు కత్తిరించే కత్తి చేత్తో పట్టుకుని పటంలో నిలబడ్డాడు, అంతే. ఫిబ్రవరిలో మగవాళ్లు పొద్దున్నే తోటకెళ్లి మూడు కొమ్మలు కత్తిరిస్తారు. కొమ్మకో కూజా చొప్పున తాగుతారు. సాయంత్రానికి వాళ్లను మనం తోపుడు బండిలో వేసి ఇంటికి తెచ్చుకుంటాం. పూర్వం దీన్ని తాగుడు అనేవారు. ఇప్పుడు భక్తి. మనిషి ఎదిగాడా లేదా?

నా చరిత్ర పుస్తకంలో మన రాజుగారు క్రైస్తవం పుచ్చుకునే పాఠం రాబోతుండగా నా చదువు ఆగిపోయింది. కాబట్టి నా మటుకు నాకు మన దేశం ఇంకా పుచ్చుకోబోతూనే ఉంది. మా అత్తగారు రుసానా సంగతీ అంతే. ఆవిడ మెళ్లో సిలువ ఉంటుంది, జేబులో వెల్లుల్లిపాయ ఉంటుంది.

"రెండూ ఎందుకత్తయ్యా?" అని పెళ్లైన కొత్తలో అడిగాను.

"ఏది ఎప్పుడు పని చేస్తుందో ఎవరికి తెలుసే? ఇది కాకపోతే అది" అంది.

వెయ్యేళ్ల చరిత్రను ఇంతకన్నా క్లుప్తంగా ఎవరైనా చెప్పగలరా?

సరే, ఇక సెలవుల సంగతికొస్తాను. పాత దేవుళ్లు చర్చిలోకి వస్తూ వస్తూ తమ సామానంతా వెంట తెచ్చుకున్నారు. ఆ సామానులో అన్నిటికన్నా బరువైనది, ఆడవాళ్లు ఏ రోజు ఏ పని చెయ్యకూడదో చెప్పే జాబితా. పునీత తొదోర్ శనివారం బట్టలుతకకూడదు, ఆయన గుర్రాలు తొక్కేస్తాయి. పెంతెకోస్తు వారంలో ఉతుకుల జోలికే పోకూడదు, నీటి కన్యలు మతి పోగొడతారు. జూలైలో మూడు రోజులు పొయ్యి వెలిగించకూడదు, పునీత మరీనా ఇల్లు తగలబెడుతుంది. పునీత దిమితర్ పండుగ మర్నాడు పెట్టె మూత తెరవకూడదు, ఎలుకలకు కోపం వస్తుంది. అవును, ఎలుకలకు కూడా పండుగ ఉన్న దేశం మనది! ఈ ఏడాది ఆ రోజున నేను మరిచిపోయి పిల్లదాని బట్టల పెట్టె తెరిచాను. మా అత్తగారు మూడుసార్లు ఉమ్మి, "పొరపాటైందని చెప్పు" అంది. ఎలుక ఎక్కడా కనబడలేదు కాబట్టి గోడకి చెప్పాను.

ఆడదాన్ని పని చెయ్యొద్దని బతిమాలే మతం ఇంకెక్కడైనా ఉందా? ఇంకా ఏం కావాలండీ మనకు?

వీటన్నిటికీ రాణిలాంటి పండుగ నవంబరులో వస్తుంది. అదే తోడేళ్ల పండుగ. పునీత మినా రోజున మొదలై, మరియమ్మ తల్లిని చిన్నప్పుడు దేవాలయానికి తీసుకెళ్లిన రోజు దాకా, మొత్తం పదకొండు రోజులు. ఆఖరి రోజు చర్చి లెక్కలో క్రైస్తవ కుటుంబ దినోత్సవం. మా అత్తగారి లెక్కలో కుంటి తోడేలు తిరిగే రోజు, అన్ని తోడేళ్లలోకీ అదే ప్రమాదమట. ఒకే తేదీన కుటుంబమూ కుంటి తోడేలూ! కేలెండరు వేసినవాళ్లకు సంసారం గురించి బాగా తెలుసు.

ఈ పదకొండు రోజులూ ఆడది కత్తెర పట్టకూడదు, సూది పట్టకూడదు. కత్తెర తెరుచుకుంటే తోడేలు నోరు తెరుచుకుంటుంది. ఆడది ఈ రోజుల్లో కత్తిరించి కుట్టిన బట్ట ఏ మగాడు తొడుక్కుంటే వాడు తోడేలు పాలు.

పెళ్లికి ముందు నేను పట్నంలో ప్యాంట్లు కుట్టే వర్క్‌షాపులో రెండేళ్లు చేశాను. ఈ పండుగ రోజుల్లోనే మేము వేల ప్యాంట్లు కుట్టాం. అన్నీ జర్మనీకి పోయేవి. ఇంతవరకూ ఒక్క జర్మన్‌ని కూడా తోడేలు తిన్నట్టు వార్త రాలేదే అని అత్తయ్యనడిగాను.

"వాళ్లు బయటికి చెప్పుకోరులే. పరువు గల మనుషులు" అంది.

ఈ ఏడాది మొదటి సాయంత్రం ఆవిడ పొయ్యి దగ్గర కూర్చుని, చేతులు వెనక్కి పెట్టి, తన పాత గౌను అంచుని తనే గుడ్డిగా కుట్టడం మొదలెట్టింది. ఆ ఒక్క కుట్టుకీ దోషం లేదు. నేను పక్కన నిలబడి మూడుసార్లు అడగాలి, అది ఆచారం.

"ఏం కుడుతున్నావు?"

"తోడేలు నోరు కుడుతున్నా."

"ఏం కుడుతున్నావు?"

"తోడేలు కళ్లు కుడుతున్నా."

ఇంతలో లోపల మా పది నెలల కూతురు కలీనా కెవ్వుమంది. నేను కదలబోయాను.

"ఎక్కడికే? చెవులు మిగిలిపోయాయి! అడిగి పో!"

అడిగి పోయాను. తోడేలు చెవుల కోసం పిల్లని ఏడిపించిన తల్లిని నేనొక్కదాన్నే అయ్యుంటాను.

కుట్టు అయ్యాక కత్తెరకి ఎర్రదారం చుట్టి ముడి వేసింది. ఇది ప్రతి ఇంట్లోనూ ఉన్నదే. కానీ మా అత్తగారు అక్కడితో ఆగే మనిషి కాదు. దువ్వెనకి పళ్లున్నాయని దాన్నీ కట్టింది. పట్టకారుకి దవడలున్నాయని దాన్నీ కట్టింది. బట్టల క్లిప్పులన్నీ ఒక్కొక్కటే కట్టింది. పిల్లదాని కోటు జిప్పు చూసి, "మరి ఇవి పళ్లు కావా?" అని దానికీ ముడి వేసింది. చివరికి నా నెయిల్ కట్టర్ తీసి వెలుగులో పెట్టి అటూ ఇటూ తిప్పి చూసింది.

"ఇదేంటే, అచ్చం తోడేలు పిల్లలా ఉంది!"

"అత్తయ్యా, అది గోళ్లకి!"

"తోడేలు మాత్రం గోళ్లు లేకుండా తిరుగుతోందా?" అంటూ దాన్నీ కట్టేసింది.

అక్కడ మొదలైంది నా కష్టం. క్షమించాలి, నా సుఖం.

పది నెలల పిల్ల గోళ్లు మీరెప్పుడైనా దగ్గరగా చూశారా? కాగితం కన్నా పల్చన, బ్లేడు కన్నా పదును. వారం కత్తిరించకపోతే చాలు, ఆ చిన్న చేతులు పిల్లి పంజాలవుతాయి. పైగా దానికి పళ్లు వస్తున్నాయి, చిరాకు పుట్టినప్పుడల్లా మొహం రుద్దుకుంటుంది. మూడో రోజు బుగ్గ మీద గీత పడింది. ఆరో రోజు ముక్కు మీద. చేతులకు మేజోళ్లు తొడిగితే వాటిని పీకి నోట్లో పెట్టుకుని నమిలింది. ఎనిమిదో రోజు పొద్దున లేచి చూస్తే కుడి కన్ను కింద, రెప్పకి అరంగుళం దూరంలో, ఎర్రగా సన్నటి గీత!

రేపు ఆ అరంగుళం కూడా దాటితే?

మీరంటారు, ఆ దారం తెంపి చప్పుడు కాకుండా కత్తిరించెయ్యకపోయావా అని. అనండి. మీ మొగుడు అడవిలో పని చెయ్యడు కదా! మా ఆయన అసేన్ కొండ మీద చెట్లు కోసి లారీకెత్తిస్తాడు. అక్కడ నిజంగానే తోడేళ్లున్నాయి. నేనివేవీ నమ్మను. కానీ అసేన్ రావడం అరగంట ఆలస్యమైతే చాలు, గేటు దగ్గరికి పదిసార్లు పోయొస్తాను. కత్తిరిస్తే మొగుడు, కత్తిరించకపోతే పిల్లదాని కన్ను. నమ్మకం లేనిదానికి ఇంత భయం ఎందుకని నన్నడక్కండి. నా మెళ్లోనూ సిలువ ఉంది. జేబులో ఏముందో చెప్పను.

అందుకని పిల్లని ఎత్తుకుని చర్చికి వెళ్లాను. ఫాదర్ మెథోడి గారు ఒక్కమాట అంటే చాలు, పాపం ఆయన మీదికి పోతుంది, గోళ్లు నా చేతికొస్తాయి.

ఆయన కొవ్వొత్తుల మైనం గీకుతున్నారు. అంతా విని తల పంకించారు.

"ఇది అన్యుల ఆచారం తల్లీ. వెయ్యేళ్ల కిందటే చర్చి దీన్ని ఖండించింది."

"మరి పోలేదేం ఫాదర్ గారూ?"

"ఖండించాక చూస్తే జనం ఎవరూ రాలేదు. అప్పుడు పెద్దలు ఏం చేశారంటే, ఆ రోజుకే ఒక పునీతుణ్ని తెచ్చి కూర్చోబెట్టారు. చేసేది అదే, పేరు మాత్రం మనది. జనానికి సంతోషం, దేవుడికీ సంతోషం."

"తోడేలుకి?"

"దాన్నెవరూ అడగలేదు." నవ్వబోయారు, కానీ మీసం నోట్లోకి పోయి దగ్గొచ్చింది. అప్పుడు గమనించాను. ఎప్పుడూ తీర్చి ఉండే ఆయన మీసం పెదవులు దాటి కిందికి దిగి ఉంది. సూపులో తడిసిన గుర్తులు కూడా కనబడుతున్నాయి. "నువ్వు నిశ్చింతగా కోసెయ్ తల్లీ."

"అయితే మీ కత్తెర ఇవ్వండి. ఇక్కడే, దేవుడి ముందే కోస్తాను."

ఆయన మీసం సవరించుకుంటూ గుమ్మం వైపు చూశారు. గుమ్మంలో ఆయన భార్య గిన్కా గారు చీపురు పట్టుకుని నిలబడి ఉన్నారు. మన ఫాదర్లు పెళ్లి చేసుకోవచ్చు, చేసుకుంటారు, ఫలితం కూడా అనుభవిస్తారు.

"కత్తెర లేదు. కట్టేశాను" అన్నారావిడ.

"గిన్కా! నేను ఇప్పుడే పిల్లకి చెబుతున్నాను, ఇది మూఢనమ్మకమని..."

"చెప్పండి, ఎవరొద్దన్నారు? మీరు వారం వారం అడవి దాటి పక్క ఊరి చర్చికి పోతారు. దారిలో అది ఎదురైతే దానికీ ఇలాగే చెబుతారా?"

ఫాదర్ గారు మళ్లీ మైనం గీకడం మొదలెట్టారు. నేను ఇంటికొచ్చేశాను.

చూశారా, చర్చి మనల్ని ఎంత ప్రేమగా కాపాడుతోందో!

ఇంటికొస్తే అసేన్ మధ్యాహ్నానికే వచ్చి ఉన్నాడు, లారీ చెడిపోయిందట. వంటింట్లో కూర్చుని చెట్లు కోసే రంపానికి నూనె రాస్తున్నాడు. దాని చెయిను నిండా పళ్లే. ఒక్కొక్కటీ నా బొటనవేలంత ఉంది. దారం ముక్క కూడా కట్టి లేదు.

"అత్తయ్యా, దీనికి ఎర్రదారమేదీ?"

ఆవిడ బీన్స్ ఏరుతోంది. తల ఎత్తకుండానే, "అది మగాళ్ల పని. దానికి పట్టింపు లేదు" అంది.

"మగాళ్లకు ఈ పండుగలో ఏ పట్టింపూ లేదా?"

"వాళ్లకెందుకుంటుందే? వాళ్లని కాపాడ్డానికేగా ఇదంతా!"

అప్పుడు తట్టింది నాకు. తొమ్మిదో క్లాసుతో ఆగిన బుర్రకి ఇలాంటివి ఏడాదికొకటి తడతాయి.

"అయితే నేను కత్తెరతో కొయ్యను. నా పళ్లతో గోళ్లు కొరికేస్తే?"

"అమ్మో! ఆడదాని పళ్లు! ఇంకా నయం."

"మరి మగాడి పళ్లు?"

మా అత్తగారు చేతిలోని గింజ గిన్నెలో పడేసి ఆలోచించింది. చాలాసేపు ఆలోచించింది. వాళ్లమ్మ చెప్పినవన్నీ, వాళ్ల అమ్మమ్మ చెప్పినవన్నీ ఒక్కొక్కటే వరసపెట్టి వెతుక్కున్నట్టుంది. ఎక్కడా ఏమీ దొరకలేదు.

"మగాడి పళ్ల గురించి ఎవరూ ఏమీ అనలేదు" అంది చివరికి, కొంచెం అనుమానంగానే.

నేను కలీనాని తీసుకెళ్లి అసేన్ ఒళ్లో కూర్చోబెట్టాను.

"కొరుకు."

"ఏంటి?"

"గోళ్లు. పది వేళ్లూ."

"నీకేమైనా పిచ్చా విదా? చేతికి నూనె..."

"నేను చేతులతో చెయ్యమన్లేదు. కన్ను కింద గీత చూడు! రేపు కన్నే పోతే కట్టేసిన కత్తెరని చూస్తూ కూర్చుందామా?"

అసేన్ గీత చూశాడు. మొహం తెల్లబోయింది. పాపం, మంచివాడే. పిల్లదాని కుడిచేతి చిటికెనవేలు నోట్లో పెట్టుకున్నాడు. పెద్ద చెట్లు పడగొట్టే మనిషి, కళ్లు మూసుకుని, ఊపిరి బిగబట్టి, పేను తలంత గోరు కోసం చెమటలు కక్కాడు. కలీనాకి చక్కిలిగింత పుట్టి పకపకా నవ్వింది. నాలుగో వేలు దగ్గర తనూ తండ్రి ముక్కు కొరికింది.

"అబ్బా! ఇది నన్నే తింటోందే!"

"ఆపకు, ఇంకా ఆరున్నాయి!"

"ఉప్పగా ఉంది!"

"మాట్లాడకురా, మింగేస్తావు!" మా అత్తగారు గౌను చెంగు పరిచి కింద పడ్డ గోటి ముక్కలన్నీ ఏరుతోంది. "కోడి తింటే ప్రమాదం."

"కోడి తింటే ఏమవుతుంది అత్తయ్యా?"

"నాకేం తెలుసు? ఇంతవరకు తిన్లేదుగా!"

పది వేళ్లూ అయ్యాయి. పిల్లదాని చేతులు నా బుగ్గకి రాసుకుని చూశాను. మెత్తగా, గుండ్రంగా! ఎనిమిది రోజుల తర్వాత నేను సరిగ్గా ఊపిరి పీల్చుకున్నది ఆ క్షణమే. సరిగ్గా అదే క్షణంలో పొరుగింటి పెనా, అప్పు తీసుకున్న గిన్నె తిరిగివ్వడానికొచ్చి, వంటింటి కిటికీలోంచి చూస్తూ నిలబడి ఉంది.

"అసేన్ పిల్లదాన్నేం చేస్తున్నాడే?"

ఏం చెప్పను? మా ఆయన పరువు కాపాడాలి కదా!

"ఆచారం" అన్నాను. "తోడేళ్ల పండుగలో తండ్రి బిడ్డ గోళ్లు కొరకాలి. మా పుట్టింటి వైపు ఉంది."

పాఠకులారా, నేను చేసిన తప్పు ఇదొక్కటే.

మర్నాటికి మా వీధిలో ముగ్గురు తండ్రులు బిడ్డల గోళ్లు కొరికారు. ఆ మర్నాడు పై వీధి. పెనా మళ్లీ వచ్చింది. "ముందు కుడిచెయ్యా, ఎడమచెయ్యా? మా ఆయన ఎడమతో మొదలెట్టాడు, ఇప్పుడు మేక పాలివ్వట్లేదు" అంది. నేను నోరు తెరిచేలోగా మా అత్తగారు అందుకుంది.

"కుడిచెయ్యి! తూర్పుకి తిరిగి! ఎడమతో మొదలెడితే పాలెలా ఇస్తుంది?"

"ఇది విదా వాళ్ల పుట్టింటి ఆచారమట కదా రుసానా?"

"వాళ్ల పుట్టింటిదా? వాళ్లకేం తెలుసు! మా అమ్మమ్మ కాలం నుంచీ ఇది మాదే. మా తాత కొరికిన గోళ్లు అమ్మమ్మ డబ్బాలో దాచిపెట్టేది!"

నేను ఆవిడ మొహంలోకి చూశాను. అబద్ధమాడుతున్న మనిషి మొహం కాదది. రెండు రోజుల్లో ఆవిడకి నిజంగానే గుర్తొచ్చేసింది!

జిల్లా మ్యూజియం నుంచి ఒకావిడ రికార్డరు పట్టుకుని వచ్చింది. ఇది తురుష్కుల పాలన కంటే ముందుదని మా అత్తగారు చెబితే రాసుకుంది. పెరూన్ కంటే ముందుదా అనడిగింది. "పెరూన్ ఎవరో నాకు తెలీదు గానీ, ఆయన కంటే ముందుదే" అంది మా అత్తగారు.

ఆదివారం ఫాదర్ మెథోడి గారు ప్రసంగంలో దీన్ని గట్టిగా ఖండించారు. అన్యుల ఆచారమన్నారు, నరమాంస భక్షణకి చుట్టమన్నారు. అప్పటికి తోడేళ్ల పండుగ అయిపోయింది కాబట్టి మీసం చక్కగా కత్తిరించుకుని ఉన్నారు, మాట స్పష్టంగా వినబడింది. జనం శ్రద్ధగా విని, బయటికొచ్చి, వచ్చే ఏడాది ముత్తాతలు కూడా కొరకొచ్చా అని మా అత్తగారిని చుట్టుముట్టారు. ఫాదర్ గారు మెట్ల మీద నిలబడి కాసేపు చూశారు. తర్వాత నన్ను పక్కకి పిలిచారు.

"అసేన్ మొదట కొరికింది ఏ తేదీన తల్లీ?"

"పద్దెనిమిది."

జేబులోంచి కేలెండరు తీసి వేలితో వెతికారు. "పద్దెనిమిది... పునీత ప్లాటోన్. వేదసాక్షి, మతం కోసం ప్రాణమిచ్చినవాడు."

"ఆయనకీ గోళ్లకీ ఏమైనా..."

"చాలా హింసలు పెట్టారాయన్ని. అన్నిటిలో గోళ్లని మాత్రం వదిలిపెట్టి ఉంటారా?" అని, కేలెండరు మడిచి, తేలికపడ్డ మనసుతో లోపలికి వెళ్లిపోయారు.

అలా నాలుగు రోజుల వయసున్న నా ఆచారానికి పునీతుడు దొరికాడు. మామూలుగా వెయ్యేళ్లు పట్టే పని! నేను గాల్లో తేలిపోయాను. ఆలోచించండి, ఆడదాని చేతులు కట్టేసే పండుగలు ఇన్ని ఉండగా, మగాడి చేత ఒక్క పని చేయించే పండుగ ఈ దేశంలో మొట్టమొదటిది. అదీ నా వంటింట్లో పుట్టింది! సంవత్సరమంతా ఇలాంటివి పుట్టించుకుంటూ పోతే? పునీత ఫలానా రోజున మగాడు గిన్నెలు తోమకపోతే ఎలుగుబంటి వస్తుందంటే? పునీత ఇంకొకాయన రోజున అంట్ల తువ్వాలు ఉతక్కపోతే...

"విదా!" మా అత్తగారు పిండి బస్తా ఈడ్చుకొచ్చింది. "రొట్టెలు చెయ్యాలి."

"ఏం రొట్టెలు?"

"పునీత ప్లాటోన్ రొట్టెలు. పునీతుడున్నాక రొట్టె ఉండదా? పది చిన్నవి, వేలికొకటి, తేనె రాసి. పెద్దది ఒకటి, కొరికిన తండ్రికి. ఆ రోజు తెలీక చెయ్యలేదు కాబట్టి ఈసారి రెట్టింపు. క్రిస్మస్ ముందు ఉపవాసాలు నడుస్తున్నాయి, గుడ్డూ వెన్నా వెయ్యకు. పిండి కలుపుతున్నంతసేపు నోరు మెదపకూడదు."

"నోరెందుకు మెదపకూడదు?"

"తండ్రి పళ్లు కదులుతాయి."

ఇరవై చిన్నవి, రెండు పెద్దవి. నోరు మూసుకుని కలిపాను. వీధి వీధంతా కలిపింది. మొగుళ్లందరూ పొయ్యిల దగ్గర కాళ్లు చాపుకుని దవడలకి విశ్రాంతి ఇచ్చారు. కొరికిన మగాడు మూడు రోజులు బరువైన పని చెయ్యకూడదని పై వీధివాళ్లు కనిపెట్టారట. ఎక్కణ్నుంచి వచ్చిందని అడిగితే, పూర్వం నుంచీ ఉందన్నారు.

రొట్టెలు పంచి ఇంటికొచ్చేసరికి కలీనా ఏడుస్తోంది. చూస్తే గడ్డం మీద కొత్త గీత! గోళ్లు మళ్లీ పెరిగాయి. పిల్లని తీసుకెళ్లి అసేన్ ఒళ్లో పెట్టాను.

"గోళ్లు."

అసేన్ నా వంక జాలిగా చూశాడు. అతని మూతికి ఇంకా తేనె అంటుకుని ఉంది.

"అదేంటి విదా, మళ్లీనా? పండుగ అయిపోయిందిగా! నాకేం, కొరకమంటే ఇప్పుడే కొరుకుతాను. కానీ చెయ్యకూడదట."

"చెయ్యకూడదు!" మా అత్తగారు వంటింట్లోంచి అరిచింది. "పండుగ కాని రోజు మగాడు గోళ్లు కొరికితే దోషం!" అంటూనే వచ్చి, దారం విప్పిన కత్తెర నా చేతిలో పెట్టింది. ఆ వెనకే అసేన్ చిరిగిన ప్యాంటు, తన గౌను అంచు, పదకొండు రోజులుగా ఆగిన కుట్లన్నీ తెచ్చి నా పక్కన కుప్పగా పోసింది.

పునీత ప్లాటోన్ ఏడాదికొక్కసారే వస్తాడు. మా కలీనా గోళ్లకి మాత్రం కేలెండరు చూడ్డం ఇంకా రాదు.